సూదిపిల్ల దొంగ కాదు

పదకొండోసారి ఫోను మోగింది.

పోస్టమ్మ దాని వంక చూసింది గానీ చెయ్యి చాచలేదు. పొద్దున్న ఏడింటి నుంచి ఇదే వరస. పది గొంతుల్లో ఒకటే ప్రశ్న. సమాధానం చెప్పాల్సిన వదినేమో గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది. లోపల మనిషి ఉన్న అలికిడి కూడా లేదు.

"ఎత్తు అత్తా. ఎత్తకపోతే ఇంకా కంగారు పడతారు," అంది మేనకోడలు, తన సెల్‌ఫోనులోంచి తల పైకెత్తకుండానే.

పోస్టమ్మ గొంతు సవరించుకుని రిసీవరు ఎత్తింది. "గుండీల పెద్దమ్మ కొట్టు. ఏ రంగు గుండీ కావాలి నాయనా?"

ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఫోను ఎత్తే పద్ధతి అది. అవతలివాళ్ళు నవ్వేవారు, ఆకుపచ్చో నీలమో చెప్పేవారు, ఆ తర్వాతే అసలు మాటలోకి దిగేవారు. ఇవాళ ఒక్కరూ రంగు చెప్పలేదు.

"పెద్దమ్మా, నేను హెడ్మాస్టర్ని." వణుకుతున్న గొంతు. రిటైరై పాతికేళ్ళయిన మనిషి, మొదటి పుస్తకం నుంచీ చదువుతున్న మనిషి. "నిన్న కవరు అందింది. చివరి అధ్యాయం చదివాను. అప్పట్నించీ ముద్ద దిగడం లేదు. సూదిపిల్ల దొంగేమిటమ్మా? మన సూదిపిల్లా?"

"చూస్తున్నాం మాస్టారూ. ఎక్కడో ఏదో పొరపాటు..."

"పొరపాటే అయ్యుండాలి. కాకపోతే మాత్రం నేనిక కళ్ళజోడు మడిచి పెట్టేస్తాను. చెప్తున్నాను."

ఫోను పెట్టేశాక పోస్టమ్మ కొప్పులో దోపుకున్న పెన్సిలు తీసింది, మళ్ళీ దోపుకుంది.

ఆ హెడ్మాస్టరు గారికే కాదు, ఆ పుస్తకాలు చదివే ఎవరికైనా సూదిపిల్ల సొంతపిల్ల కింద లెక్క. వదిన రాసిన ఇరవై మూడు నవలల్లోనూ గుండీలమ్మే పెద్దమ్మే డిటెక్టివు. కొట్టు గుమ్మంలో కూర్చుని, వచ్చిపోయేవాళ్ళ చొక్కాలకు ఊడిన గుండీలు చూసే ఊళ్ళో ఎవడు ఏం దాస్తున్నాడో చెప్పేస్తుంది. హత్యలుండవు, నెత్తురుచుక్క ఉండదు. గోడ గడియారం పోతుంది, వీణ తీగలు ఎవరో తెంపుతారు, మహా అయితే ఒక వీలునామా మారిపోతుంది. చివరికి అందరూ టీ తాగుతారు. పెద్దమ్మకు సాయంగా కొట్టులో ఉండే నోటి దురుసు పిల్ల సూదిపిల్ల. గల్లాపెట్టె మీద పడుకునే పిల్లి పేరు దారపుండ.

"పడుకునే ముందు చదవదగ్గ నేరాలు" అని ప్రతి పుస్తకం వెనక అట్ట మీదా ఉంటుంది. ఆ మాట రాసింది అన్నయ్య. పోయి పదిహేడేళ్ళయినా ఆ మాట మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సూదిపిల్ల కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. దాన్ని అక్కడే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. కోపం వస్తే మెట్లు గట్టిగా లెక్కపెడుతూ ఎక్కుతుంది. ఆమె ఎవరో ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

"అత్తా, ఇలా రా," అంది మేనకోడలు. ఆమె చేతిలో చివరి అధ్యాయం కాపీ ఉంది. "నువ్వు డీటీపీ ఆవిడకి టైపుకి ఏ కట్ట ఇచ్చావు?"

"అలమర్లో ఉన్నదే. గుడ్డలో చుట్టి, ఎర్ర నాడా కట్టి ఉంటుందిగా."

"పై అరా, కింది అరా?"

"పై అర. ఎప్పుడూ పై అరేగా?"

మేనకోడలు లేచి అలమర తలుపు తీసింది. కింది అరలో ఇంకో కట్ట. అదే గుడ్డ, అదే ఎర్ర నాడా.

"ఇది పాతది అత్తా. ఇందులో నాన్న గురించి ఒక వాక్యం ఉంది, ఆయన బతికి ఉన్నట్టుగా. అమ్మ ఈ పుస్తకం పద్దెనిమిదేళ్ళ కిందట మొదలుపెట్టి మానేసింది, ఈ ఏడు మళ్ళీ తీసింది. పాత చివర ఇది. కొత్త చివర అదుగో, కింది అరలో. ముందుగా చదివే అరవై మందికీ మనం పాతది పంపించాం."

పోస్టమ్మ కుర్చీలో కూలబడింది.

అలాంటి పొరపాటు ఇంకే ఇంట్లోనూ జరగదు. ఈ ఇంట్లోనే జరుగుతుంది, ఎందుకంటే ఇంకే ఇంట్లోనూ చీటీల డబ్బా లేదు.

మేనకోడలు పుట్టిన ఏడాది సంగతి అది. బాలింతకు సాయంగా పది రోజులుండి వెళ్దామని వచ్చింది పోస్టమ్మ, ఇరవై రెండేళ్ళప్పుడు. ఉయ్యాల ఒక చేత్తో ఊపుతూ, ఇంకో చేత్తో వదిన మొదటి పుస్తకం రాస్తోంది. మధ్యాహ్నాలు అన్నయ్య గట్టిగా చదివి వినిపించేవాడు, ముసలి పాత్రలకు గొంతు మార్చి మరీ. చివరి అధ్యాయం ముందు ఆపేసి, బిస్కెట్ల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టేవాడు. "దొంగెవరో రాసి వెయ్యండి."

ఆ ఆటే రానురాను చట్టమైపోయింది. ఒక్కరన్నా కనిపెట్టాలి, అందరూ కనిపెట్టకూడదు. అందరూ కనిపెడితే వదిన తిరగరాసేది. ఎవరూ కనిపెట్టలేకపోయినా తిరగరాసేది, చదివేవాళ్ళను మోసం చేసినట్టవుతుందని. చీటీ వేసేవాళ్ళు చివరి అధ్యాయం కట్టను ముట్టుకోవచ్చు గానీ విప్పకూడదు.

తర్వాత పాఠకుల ఉత్తరాలు మొదలయ్యాయి. వదినకు ఉత్తరమంటే భయం. పాఠకుడి గొంతు చెవిన పడితే చెయ్యి ఆగిపోతుందనేది. అందుకని పోస్టమ్మే జవాబులు రాసేది, పెద్దమ్మ రాసినట్టుగా. జ్వరమొచ్చిందని రాసినవాళ్ళకి తగ్గిందా అని మళ్ళీ రాసేది. పరీక్ష ఉందన్నవాళ్ళకి కవర్లో ఒక గుండీ పెట్టి పంపేది. అలా ఆమెకు పోస్టమ్మ అన్న పేరు స్థిరపడింది, పది రోజులు ముప్పై ఏళ్ళయ్యాయి.

ఆ ఉత్తరాల వాళ్ళలోంచే అరవై మంది తేలారు. వాళ్ళను ముందువరస అంటారు ఇంట్లో. పుస్తకం అచ్చుకు వెళ్ళకముందే చివరి అధ్యాయం తప్ప మిగతాదంతా వాళ్ళకు వెళ్తుంది, ఒక ఖాళీ చీటీతో. చీటీలన్నీ తిరిగొచ్చాక, సీలు వేసిన కవర్లో చివరి అధ్యాయం. హెడ్మాస్టరు పార్కు బెంచీ మీద చెప్తాడు, నర్సమ్మ వార్డులో చెప్తుంది, బస్సు కండక్టరు దారిపొడుగునా చెప్తాడు. ప్రచారం అంటే అంతే. మేనకోడలు ఇప్పుడు సెల్‌ఫోను గ్రూపులు, పిల్లి వీడియోలు అంటూ ఎన్ని చేసినా, ముందువరస తల ఊపితేనే పుస్తకం నడిచేది.

ఆ తలలు ఇవాళ అడ్డంగా ఊగుతున్నాయి.

గడియ తీసిన చప్పుడైంది. వదిన బయటికొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, ఒక్క పూటలో ఇంకో పదేళ్ళు పైబడ్డట్టుంది. కూతురి చేతిలో కాగితాలు చూసింది, అలమర వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైపోయింది ఆమెకు.

"ఒక్కసారి విప్పి చూసుకోవద్దూ?" అంది.

పోస్టమ్మ ఒంటికాలి మీద లేచింది. "విప్పొద్దన్నది ఎవరు?"

"పైన తేదీ అయినా..."

"తేదీ చూడాలంటే విప్పాలి కదా వదినా! ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు విప్పలేదు. డీటీపీ ఆవిడ కట్ట విప్పుతుంటే మొహం పక్కకి తిప్పుకుని నిలబడతాను. ఆవిడ నన్ను చూసి నవ్వుకుంటుంది కూడా."

"పాతది అక్కడ పెట్టడం నాదే తప్పు." వదిన గొంతు తగ్గింది.

"తప్పెవరిదో తర్వాత తేల్చుకోండి," అని మేనకోడలు మధ్యలోకి వచ్చింది. "సాయంత్రంలోగా అరవై మందికీ ఒక మాట వెళ్ళాలి. పొరపాటు జరిగింది, అసలు అధ్యాయం వస్తోంది అని. పెద్దమ్మ చెప్పినట్టుండాలి. నేను రాస్తే ఆఫీసు నోటీసులా ఉంటుంది. రేపు పుస్తకం ప్రెస్సుకెళ్ళాలమ్మా. వీళ్ళే మొహం తిప్పేసుకుంటే నేను ఇంకెవరికి చెప్పుకోను?"

"మీ అత్త రాస్తుంది," అంది వదిన.

"రాయను."

పెద్దమ్మ ఉత్తరం రాయనని పోస్టమ్మ అనడం ఆ గోడలు కూడా వినలేదు. అన్నయ్య పోయిన పదమూడో రోజున కూడా రాసింది.

"అత్తా..."

"నువ్వుండవే." పోస్టమ్మ వదిన వైపే చూస్తోంది. "సూదిపిల్లని దొంగని చేస్తూ ఎందుకు రాశావు? అది చెప్పు. చెప్తే రాస్తాను."

"ఎప్పటి సంగతో. పారేసిన చివర అది."

"పారెయ్యలేదుగా, దాచావు. నాడా కట్టి మరీ దాచావు."

"కథ అన్నాక ఎవరో ఒకరు దొంగవాలి..."

"పోస్టుమాన్ ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, పాటల టీచరు తమ్ముడున్నాడు. ముగ్గురూ అనుమానంగానే ఉన్నారు కదా, నేను చదివినంత మేరకి. పాటల టీచరుకి రావాల్సిన ఉత్తరం కొట్టు బల్ల మీంచి మాయమైతే, పట్టుకుపోయి సూదిపిల్ల నెత్తిన రుద్దుతావా? కొప్పులో పెన్సిలు ఎవరిది వదినా?"

వదిన కుర్చీ చేతి మీద గోటితో గీస్తూ కూర్చుంది.

పద్దెనిమిదేళ్ళ కిందట. పోస్టమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఆమెకు ముప్పై నాలుగు. ఆ ఏడాదే ఆమె కూడా ఒక పుస్తకం రాసింది. చిన్నది. పెద్దమ్మ లేకుండా, సూదిపిల్ల ఒక్కతే కొట్టు చూసుకున్న వారం రోజుల కథ. వదిన అనుమతి అడిగి మరీ రాసింది. అన్నయ్యే తోడొచ్చాడు, ప్రచురణ వాళ్ళకు పోస్టు చెయ్యడానికి. దారిలో ఆగి ఆగి నడిచాడు, అప్పటికే ఆయాసం మొదలైంది. "నీ పుస్తకం వెనక అట్ట మీద కూడా నేనే రాస్తానే," అన్నాడు.

ఎన్ని నెలలు గుమ్మంలో నిలబడిందో. పోస్టుమాన్ రోజూ కట్టల కొద్దీ తెచ్చేవాడు, అన్నీ పెద్దమ్మకే. జవాబు రాలేదు. బాగాలేదని ఒక ముక్క రాయడానికి కూడా వాళ్ళకు మనసొప్పలేదంటే ఎంత చెత్తగా రాసిందో అనుకుంది. కొన్నాళ్ళు కుమిలింది. తర్వాత ఆ పెన్సిలుతోనే చిరునామాలు రాసుకుంది. ఇంతకాలం ఆ సంగతి తలుచుకున్నప్పుడు బాధ కూడా లేదు, ఒక సిగ్గు మాత్రం ఉండేది.

"సరే, నన్నొదిలెయ్," అంది చివరికి. "పెద్దమ్మ సంగతి చెప్పు. కన్నబిడ్డలా పెంచుకున్న పిల్ల మీద పెద్దమ్మ అంత నేరం ఎలా మోపింది? ఆ ఉత్తరం ఎటు పోయిందో పెద్దమ్మకి తెలియదూ?"

వదిన కళ్ళజోడు తీసింది. కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది.

పోస్టమ్మ ఆ చేతి వంకే చూసింది.

ఆ తుడవడం ఆమెకు తెలుసు. చీటీల ఆటలో అన్నయ్య ఎప్పుడూ గెలిచేవాడు. ఎలా అని పోరగా పోరగా ఒకసారి చెవిలో చెప్పాడు. "కథ చూడొద్దు, మీ వదిన్ని చూడు. అసలు దొంగ పేరు వినబడిందా, కళ్ళజోడు తుడుస్తుంది." ఎన్ని మధ్యాహ్నాలు ఆ రహస్యం పట్టుకుని ఇద్దరూ నవ్వు ఆపుకున్నారో. ఆయన పోయాక పోస్టమ్మ ఆ కిటుకు వాడటం మానేసింది. ఒక్కతే గెలవడంలో సరదా కనిపించలేదు.

ఆమె నెమ్మదిగా లేచి బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. రంగు పోయి, మూత మీది బొమ్మ అరిగిపోయింది. "నా చీటీ ఇంకా వెయ్యలేదు," అంది.

"ఇప్పుడు చీటీలేమిటత్తా?"

"అందరివీ వచ్చాకే నేను వేస్తాను. అది కూడా పద్ధతే."

కొప్పులోంచి పెన్సిలు తీసి, ఒక కాగితం ముక్క మీద ఒకే ఒక్క మాట రాసింది. మడవలేదు. డబ్బాలో వెయ్యనూ లేదు. బల్ల మీద వదిన ముందుకు తోసింది.

వదిన చదివింది. మళ్ళీ కళ్ళజోడు తీయబోయి ఆగిపోయింది.

"కింది అరలో కట్ట తీసుకురా," అంది కూతురితో. తెచ్చాక పోస్టమ్మ వైపు జరిపింది. "విప్పు."

నాడా ముడి బిగిసిపోయి ఉంది. పోస్టమ్మకు ఏ కొస లాగాలో తెలియలేదు. జీవితంలో మొదటిసారి విప్పుతోంది మరి. పై కాగితానికి గుండుసూదితో ఒక పాత చీటీ గుచ్చి ఉంది. అన్నయ్య చేతిరాత, కుడివైపుకి వాలిపోయే అక్షరాలు. పద్దెనిమిదేళ్ళ కిందటి చీటీ.

"సూదిపిల్ల కాదు. పెద్దమ్మ. ఇచ్చెయ్యి."

పక్కనే బల్ల మీద పోస్టమ్మ ఇందాక రాసిన చీటీ. దాని మీద కూడా "పెద్దమ్మ" అనే ఉంది.

కాగితాల అడుగున, కట్ట చివర, ఒక కవరు. పైన పోస్టమ్మ అసలు పేరు. ఈ ఇంట్లో ఎవరూ వాడక ఆమెకే కొత్తగా కనిపించింది. మూలన ప్రచురణ వాళ్ళ ముద్ర. కవరు అంచు ఎప్పుడో చింపి ఉంది.

"నువ్వు ఆస్పత్రిలో ఆయన దగ్గర ఉన్నావు," అంది వదిన. ఎవరినీ చూడకుండా, తనే చదివి వినిపిస్తున్నట్టు అంది. "నేను స్నానానికని ఇంటికొస్తే గుమ్మంలో పడుంది. వాళ్ళకి నీ పుస్తకం నచ్చింది. వెంటనే వచ్చి కలవమన్నారు, ఇంకా రాయమన్నారు. నువ్వెళ్ళిపోతే ఈ ఉత్తరాలెవరు రాస్తారనుకున్నాను. కాదు, అది కూడా అబద్ధమే. జనం ఇష్టపడుతున్నది నా కథలు కాదని నాకు తెలుసు. జ్వరం తగ్గిందా అని అడిగే పెద్దమ్మని ఇష్టపడ్డారు వాళ్ళు. ఆ పెద్దమ్మ నువ్వు."

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దొంగతనం నేను చేసి నేరం నీ మీద రాశాను. మీ అన్నయ్య చదివి ఆ చీటీ నా చేతికిచ్చారు. ఇస్తానన్నాను. ఈలోగా ఆయనే పోయారు. ఆ తర్వాత ఇవ్వడానికి నాకు మొహం లేకపోయింది. ఈ ఏడు కొత్త చివర రాశాను. పెద్దమ్మ అందరి ముందూ ఒప్పుకుంటుంది. ముందువరసతో పాటు నువ్వూ చదువుతావు కదా అనుకున్నాను."

"అరవై మందితో పాటా?" అంది పోస్టమ్మ. అరిచి ఉంటే వదినకు తేలికగా ఉండేది. మెల్లగా అంది. "ఈ మాట నాకు చెప్పడానికి నీకు అరవై మంది తోడు కావాల్సొచ్చిందా వదినా?"



పోస్టమ్మకు అనుకున్నంత కోపం రాలేదు. ముప్పై నాలుగేళ్ళ తను గుర్తొచ్చింది. గుమ్మానికి ఆనుకుని, పోస్టుమాన్ సైకిలు మలుపు తిరిగేదాకా చూస్తూ, రేపు వస్తుందిలే అని తనకు తనే చెప్పుకుంటున్న మనిషి. ఆ మనిషి మీద జాలేసింది. ఎంత జాలేసిందంటే, కళ్ళ ముందున్న కవరు మసకబారింది.

ఫోను మోగింది.

ఎవరూ కదల్లేదు. మోగి మోగి ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

పోస్టమ్మ కవరు చేత్తో పట్టుకునే వెళ్ళి ఎత్తింది. గుండీ రంగు అడగలేదు.

"పెద్దమ్మా, మళ్ళీ నేనే," అన్నాడు హెడ్మాస్టరు. "ఇందాకట్నించీ మళ్ళీ చదివాను మొదట్నుంచీ. నేను నమ్మను. ఆ పిల్ల అలాంటిది కాదు. ఇంకెవరో ఉన్నారు. ఎవరో చెప్పమ్మా, నాకు ఎనభై నాలుగేళ్ళు, కవరు వచ్చేదాకా ఆగమనకు."

"ఆగక్కర్లేదు మాస్టారూ," అంది పోస్టమ్మ. అది ఆమె సొంత గొంతు. ఆయనకు తెలియని గొంతు. "ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది నేను. కొట్టులో పనిచేసేదాన్ని. పెద్దమ్మ ఇక్కడే ఉంది. దొంగెవరో ఆవిడే చెప్తుంది."

రిసీవరు వదిన వైపు చాచింది.

వదిన వెనక్కి తగ్గింది. ముప్పై ఏళ్ళలో ఒక్క పాఠకుడితోనూ మాట్లాడని మనిషి. చెయ్యి చాచింది, ముడుచుకుంది, కూతురి వంక చూసింది. కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది. రిసీవరులోంచి ముసలాయన "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

చివరికి అందుకుంది. రెండు చేతులతో పట్టుకుంది.

"మాస్టారూ," అంది. పెద్దమ్మ గొంతులా అసలు లేదు. సన్నగా, బెరుకుగా ఉంది. "నేను... ఆ ఉత్తరం..."

పోస్టమ్మ అప్పటికే మెట్లెక్కుతోంది. లెక్కపెట్టకుండా ఎక్కుతోంది.

"అత్తా! అరవై మందికీ రాయాలి కదా, ఎక్కడికి వెళ్తున్నావు?" కింది నుంచి మేనకోడలు కేకేసింది.

పోస్టమ్మ పైమెట్టు మీద ఆగి, చేతిలో కవరు చూపించింది.

"నాకు ఉత్తరం వచ్చిందే," అంది. "చదువుకోవాలి."